విదేశీ ప్రయాణం: డబ్బు ఎంత తీసుకెళ్లాలి, ఎవరి దగ్గర ఉండాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజమహేంద్రవరం. నాకు 57 ఏళ్లు. మావారు కిందటేడు రిటైరయ్యారు. వచ్చే నెల ఒక గ్రూప్ టూర్‌లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ వెళ్తున్నాం, మొత్తం 11 రోజులు. దేశం దాటి వెళ్లడం ఇదే మొదటిసారి. ఒక్కొక్కరు 3,000 డాలర్ల దాకా నోట్లు తీసుకెళ్లొచ్చట. అంతా డాలర్లుగా మార్చి తన దగ్గరే పెట్టుకుంటానని మావారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి నోట్లే వద్దు, ఒక్క కార్డు చాలంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరికీ ఇదే వాదన. మా పక్కింటివాళ్లకు రోములో బ్యాగు పోయింది, పాస్‌పోర్టులు కూడా అందులోనే ఉన్నాయి. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాకు కార్డు వాడటం రాదు. ఒంటి మీద బంగారం తీసేయాలా? 2014లో స్విట్జర్లాండ్ వెళ్లొచ్చిన మా మరిది దగ్గర 300 ఫ్రాంకులు మిగిలాయి, అవి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నమస్కారమమ్మా. అన్ని ప్రశ్నలకూ జవాబు రాస్తాను గానీ, మీరు నాలుగు మాటల్లో చెప్పి వదిలేసిన విషయం దగ్గర మొదలుపెడతాను. ‘నాకు కార్డు వాడటం రాదు’ అన్నారు. డబ్బంతా మీవారి దగ్గర, కార్డు మీవారి దగ్గర, బహుశా ఫోన్‌లో హోటల్ అడ్రసు కూడా మీవారి దగ్గరే. ఇప్పుడు పారిస్ మెట్రోలో షాత్లే లాంటి పెద్ద స్టేషన్ ఊహించుకోండి. రైలొచ్చింది, జనం తోసుకున్నారు, మీరు ఎక్కారు, మీవారు ఎక్కేలోపు తలుపులు మూసుకున్నాయి. మీ చేతిలో ఒక్క యూరో లేదు, భాష రాదు, ఎక్కడికి వెళ్లాలో తెలియదు. ఏ దొంగా రాకుండానే మీరు ఆపదలో పడ్డట్టే.

మన ఇళ్లలో భార్యాభర్తలు ఊరికి వెళ్తే పర్సు ఒక్కరి దగ్గరే ఉంటుంది. రాజమండ్రి నుంచి తిరుపతి వెళ్లేటప్పుడు ఫరవాలేదు, తప్పిపోయినా ఎవరినో ఒకరిని అడిగి గట్టెక్కుతాం. అక్కడ ఆ పద్ధతి పనికిరాదు. అందుకే మీ తండ్రీకొడుకులు వాదించుకుంటున్న నోట్లా కార్డా అన్న విషయం కంటే, ఎవరి దగ్గర ఎంత ఉందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ఒక్క జేబు పోతే, ఒక్క బ్యాగు పోతే ప్రయాణం ఆగిపోకూడదు. ఇద్దరిలో ఎవరు ఒంటరిగా మిగిలినా టాక్సీ ఎక్కి హోటల్ చేరగలగాలి.

కాబట్టి ఈ వారంలోనే మీ పాస్‌పోర్టు, పాన్ కార్డు తీసుకుని బ్యాంకుకు వెళ్లి, మీ పేరు మీద ఒక ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు వేయించుకుని వాడే కార్డు) తీసుకోండి. మీవారి కార్డు మీద మీరు ఆధారపడటం కాదు, మీది మీకే. పిన్ నంబరు మీరే పెట్టుకోండి. ఇక నెల రోజులు ఇంటికి సరుకులు తెచ్చే పని మీరే చేయండి. మామూలు డెబిట్ కార్డుతో సూపర్‌బజారులో మీ చేత్తో మీరే కట్టండి, ఏటీఎంలో మీరే డబ్బు తీయండి. మిషన్‌లో కార్డు పెట్టడం, స్క్రీన్ మీద అంకె సరిచూసుకోవడం, చెయ్యి అడ్డుపెట్టి పిన్ కొట్టడం, రసీదు తీసుకోవడం – నాలుగైదుసార్లు చేస్తే భయం పోతుంది. పారిస్‌లో ఆ మిషన్ ఇంతకంటే భిన్నంగా ఉండదు.

ఇక మీవారి మాట. నోట్లు ఉండాలన్నది సరైన మాటే. మీ అబ్బాయి ఉండే చోట కార్డుతో అన్నీ జరిగిపోతాయి కాబట్టి అతనికి అలా అనిపిస్తుంది. స్టేషన్లలో, దారిలో బస్సు ఆగే చోట్ల టాయిలెట్‌కు చిల్లర కావాలి. ఇటలీ నగరాల్లో హోటళ్లు తలకు ఇంతని రాత్రికి టూరిస్టు పన్ను తీసుకుంటాయి, కొన్నిచోట్ల అది నోట్లలోనే అడుగుతారు. డ్రైవరుకు, గైడుకు ఇచ్చే టిప్పులు చాలా టూర్లలో రోజుకు ఇన్ని యూరోలని వసూలు చేస్తారు. ఈ రెండూ మీ ప్యాకేజీలో కలిశాయో లేదో టూర్ కంపెనీని ఇప్పుడే అడగండి, ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా. దానిమీదే మీ నోట్ల లెక్క ఆధారపడుతుంది.

అయితే 3,000 డాలర్లన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన గరిష్ఠ పరిమితి. చాలా దేశాలకు వెళ్లేవాళ్లు ఒక్కో ప్రయాణానికి అంతవరకు విదేశీ నోట్లు తీసుకోవచ్చని దాని అర్థం. మిగతాది కార్డు రూపంలో తీసుకెళ్లాలి. అంతా తీసుకెళ్లి తీరాలని ఎవరూ చెప్పలేదు. ఉదయం టిఫిను, రాత్రి భోజనం సాధారణంగా టూర్‌వాళ్లే పెడతారు కాబట్టి, మీ ఇద్దరికీ కలిపి 500 యూరోలు, 150 స్విస్ ఫ్రాంకుల నోట్లు చాలని నా అంచనా. టిప్పులు విడిగా కట్టాలంటే ఇంకో 100 యూరోలు కలుపుకోండి. చాక్లెట్లు, గడియారాలు, తోలు బ్యాగులు లాంటివి కార్డు మీదే కొనండి. ఈ మొత్తాన్ని నేను ఎలా లెక్కపెట్టానంటే, రెండు కార్డులూ ఒకేసారి పనిచేయకపోయినా రెండు మూడు రోజులు తిండికీ టాక్సీలకూ ఇబ్బంది లేకుండా గడవాలి. పోయినా మాత్రం గుండె పగిలేంత పెద్ద మొత్తం కాకూడదు.

డాలర్లు మాత్రం వద్దు. ఇక్కడ రూపాయిల్ని డాలర్లుగా, అక్కడ డాలర్లను యూరోలుగా మారిస్తే రెండుసార్లు నష్టం. యూరోలే కొనండి, స్విట్జర్లాండ్‌కు ఫ్రాంకులు కొనండి. అక్కడ కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి గానీ, వాళ్లకు తోచిన రేటు కట్టి చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు. కొనేటప్పుడు 10, 20, 50 నోట్లే కావాలని గట్టిగా అడగండి. 200 యూరోల నోటును చాలా దుకాణాలు ముట్టుకోవు. 500 యూరోల నోటు చెల్లుతుంది గానీ 2019 నుంచి కొత్తగా విడుదల చేయడం లేదు, దాన్ని ఎవరైనా అంటగట్టబోతే తీసుకోవద్దు.

రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గరో, మీ బ్యాంకులోనో కొని బిల్లు తీసుకోండి. 50,000 రూపాయలు దాటితే నగదు ఇచ్చి కొనడానికి వీల్లేదు, ఖాతా నుంచి పంపాలి. ‘బిల్లు లేకుండా అయితే రూపాయి తగ్గిస్తా’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. దొంగనోటు వస్తే అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. రేటు పోల్చేటప్పుడు బోర్డు మీద అంకె చూడకండి, ‘300 యూరోలకు జీఎస్టీ, మీ ఛార్జీ అన్నీ కలిపి ఎన్ని రూపాయలు’ అని రెండు మూడు చోట్ల అడగండి. విమానాశ్రయంలో కొందామని వాయిదా వేయొద్దు, అక్కడ రేటు దాదాపు ఎప్పుడూ ఎక్కువే. మన రూపాయల నోట్లు దేశం దాటించడానికి 25,000 వరకే అనుమతి. తిరిగొచ్చాక శంషాబాద్ నుంచి ఇంటికి చేరడానికి సరిపడా ఉంచుకుంటే చాలు.

మీ మరిది ఫ్రాంకులు తీసుకోకండి. ప్రేమగా ఇస్తున్నారు గానీ అవి పాత నోట్లు. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి 2019 మధ్య కొత్త నోట్లు వచ్చాయి. అంతకుముందు నోట్లను 2021 ఏప్రిల్ 30 నుంచి చెలామణీలోంచి తీసేశారు. 2014లో మిగిలినవంటే కచ్చితంగా ఆ పాతవే, ఏ దుకాణంలోనూ తీసుకోరు. విలువ మాత్రం పోలేదు, స్విస్ నేషనల్ బ్యాంకు కౌంటర్లలో ఎప్పుడైనా మార్చి ఇస్తారు. కానీ ఆ కౌంటర్లు బెర్న్, జూరిచ్ నగరాల్లో ఉంటాయి, గ్రూప్ టూర్ బస్సు మీకోసం అక్కడ ఆగదు. అటువైపు సొంతంగా వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఇమ్మని చెప్పండి.

ఇక మీ అబ్బాయి చెప్పే కార్డు సంగతి. ఫారెక్స్ కార్డులో యూరోలు, ఫ్రాంకులు విడివిడిగా వేయించండి. యూరోలు మాత్రమే వేయించి స్విట్జర్లాండ్‌లో గీస్తే, ఒక కరెన్సీ నుంచి ఇంకోదానికి మార్చినందుకు అదనపు ఛార్జీ పడుతుంది. దుకాణంలోగానీ ఏటీఎంలోగానీ ‘రూపాయల్లో కడతారా, యూరోల్లోనా’ అని స్క్రీన్ మీద అడుగుతుంది. రూపాయల్లో చూస్తే మనకు అర్థమవుతుందని చాలామంది అదే నొక్కుతారు, అక్కడే నష్టపోతారు. ఎప్పుడూ ఆ దేశపు డబ్బునే ఎంచుకోండి. ఏటీఎం వాడాల్సి వస్తే పగటిపూట, బ్యాంకు గోడకు ఆనుకుని ఉన్నదే వాడండి. టూరిస్టుల వీధుల్లో విడిగా నిలబెట్టిన మిషన్లలో ఛార్జీలు ఎక్కువ, పక్కన చేరి ‘సాయం’ చేసేవాళ్లూ ఎక్కువ.

మీవారి మామూలు డెబిట్ కార్డో, క్రెడిట్ కార్డో ఒకటి వెంట ఉండనివ్వండి. కానీ మన బ్యాంకులు ఇచ్చే కార్డులు మొదట దేశంలోపలే పనిచేస్తాయి, విదేశాల్లో వాడే సదుపాయాన్ని మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. బయల్దేరే ముందు రోజు ఆన్ చేసి, రోజుకు ఇంతకు మించి వాడకూడదని పరిమితి కూడా పెట్టండి. కార్డు మిషన్ దగ్గర చూపిస్తే చాలు, పిన్ లేకుండానే చిన్న మొత్తాలు కట్టే పద్ధతి అక్కడ సర్వసాధారణం. ఆ సౌకర్యం దొంగకీ ఉంటుందన్నది గుర్తుంచుకుని, ఆ పరిమితిని తక్కువలో ఉంచండి. హోటల్‌లో డిపాజిట్ అడిగితే ఫారెక్స్ కార్డు ఇవ్వకండి, క్రెడిట్ కార్డు ఇవ్వండి. వాళ్లు ఆపిపెట్టిన మొత్తం వెనక్కి రావడానికి రోజులు పడుతుంది, ఆలోగా మీ ఖర్చు డబ్బు ఇరుక్కుపోతుంది. యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. ఈఫిల్ టవర్ టికెట్లకు 2024లో ఆ సదుపాయం మొదలైన మాట నిజమే, ఊరంతా పనిచేస్తుందని అనుకోవద్దు.

డబ్బు ఒంటి మీద పెట్టుకోవడం గురించి. మన అమ్మమ్మలు రొంటిన చిన్న సంచి దోపుకుని సంతకు వెళ్లేవాళ్లు, అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. దుస్తుల లోపల నడుముకు కట్టుకునే పల్చటి గుడ్డ సంచులు దొరుకుతాయి. మీకొకటి, మీవారికొకటి కొనండి. పాస్‌పోర్టు, పెద్ద నోట్లు, రెండో కార్డు అందులో. ఆ సంచిని గదిలోనో టాయిలెట్‌లోనో తప్ప నలుగురిలో తెరవకూడదు, ఇది మాత్రం నియమంగా పెట్టుకోండి. పైన చేతి పర్సులో ఆ రోజుకు కావలసిన 40, 50 యూరోలు, కొంత చిల్లర, ఒక కార్డు. మీరు చీర కట్టుకున్నా, చుడీదార్ వేసుకున్నా భుజం మీద నుంచి అడ్డంగా వేసుకునే జిప్పు బ్యాగు ముందువైపుకి ఉండాలి. మీవారి ప్యాంటు వెనక జేబులో ఏమీ ఉండకూడదు, ఫోను కూడా.

ఇన్నిసార్లు చెబుతున్నానని అనుకోవద్దు. మన టూరిస్టులు నోట్లు, బంగారం ఎక్కువ పెట్టుకుని వస్తారని అక్కడి జేబుదొంగలకు తెలుసు. పైగా మనం గుంపుగా దిగుతాం, ఫొటోల హడావుడిలో ఉంటాం. హోటల్ లాబీలో అందరి పెట్టెలూ ఒక కుప్పగా పెట్టి గది తాళాల కోసం కౌంటరు దగ్గర గుమిగూడతాం. టిఫిను హాలులో బ్యాగు కుర్చీకి తగిలించి ప్లేటు పట్టుకుని వెళ్తాం. ఈ రెండు చోట్లూ సురక్షితమని మనకు అనిపిస్తుంది, అందుకే వాళ్లు అక్కడికి వస్తారు, శుభ్రమైన బట్టలేసుకుని, మనలాగే ఒక అతిథిలా. ప్లేటు కోసం ఒకరు వెళ్తే ఇంకొకరు కూర్చోవాలి. ఎంత ఆకలేసినా సరే. బస్సు దిగి చూడటానికి వెళ్లేటప్పుడు ‘డ్రైవరున్నాడు కదా’ అని పాస్‌పోర్టుల సంచి సీట్లో వదలకండి.

వీధిలో వాళ్ల పద్ధతులు కొన్ని ముందే తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. పారిస్‌లో సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర రంగు దారం పట్టుకుని వచ్చి మీ వేలికో మణికట్టుకో కట్టేసి డబ్బడుగుతారు. ఈలోగా రెండోవాడు మీ బ్యాగు వైపు చూస్తుంటాడు. చేతులు ముందే ముడుచుకుని నడవండి. అట్ట, కాగితాలు పట్టుకుని సంతకం పెట్టమనే అమ్మాయిలుంటారు. ఆ అట్ట కిందనుంచి చెయ్యి మీ పర్సులోకి వస్తుంది. నేల మీద ‘బంగారు ఉంగరం’ దొరికిందని, మీదేనా అని అడుగుతారు. రోములో తెర్మినీ స్టేషన్ టికెట్ మిషన్ దగ్గర, రైల్లోకి పెట్టె ఎక్కించేచోట సాయానికి వస్తారు. తెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. మీ భుజం మీద ఏదో ఒలికిందని ఒకరు చూపించి తుడవబోతే తుడవనివ్వకండి, నడిచి వెళ్లి ఒక దుకాణంలోకి దూరండి. పోలీసులమని చెప్పి పర్సు తెరిచి నోట్లు చూపించమంటే వాళ్లు పోలీసులు కారు. దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కు వెళ్దామనండి, చాలావరకు అక్కడితో వెళ్లిపోతారు.

ఈ మోసాలన్నీ మన మంచితనం మీద నడుస్తాయి. ఎవరైనా పలకరిస్తే ఆగి, నవ్వి, జవాబు చెప్పడం మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన మర్యాద. ఆ 11 రోజులూ వీధిలో తెలియనివాళ్లు దగ్గరికొస్తే ‘నో’ అని ఆగకుండా నడవండి. మీరు ఎవరినీ అవమానించినట్టు కాదు. ఒకవేళ బ్యాగు లాక్కుంటే వదిలేయండి. పట్టుకుని పెనుగులాడితే, స్కూటరు మీదున్నవాడు మిమ్మల్ని ఈడ్చుకుపోతాడు. తుంటి ఎముక విరిగితే 50 యూరోల లెక్క ఎవరికి కావాలి? ఇది మీవారికి మరీ మరీ చెప్పండి. రిటైరైన మగవాళ్లు దొంగ వెంట పరిగెత్తడమే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం.

బంగారం ఇంట్లోనే, లాకర్లోనే పెట్టి వెళ్లండి. నానుతాడు, నల్లపూసల గొలుసు, గాజులు అన్నీ. సూత్రాలు తీయడానికి మీ మనసు ఒప్పకపోతే తీయొద్దు. పసుపుతాడుకు ఎక్కించుకుని జాకెట్టు లోపలికి వేసుకోండి. అలా వేసుకోవడం మనకు ఉన్న ఆచారమే, ఎవరూ తప్పుపట్టరు. ఏదైనా కొంచెం విలువైన నగ తీసుకెళ్లక తప్పదంటే, వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ అధికారికి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. లేదంటే వచ్చేటప్పుడు అక్కడే కొన్నారేమో అన్న ప్రశ్న రావచ్చు.

మీ పక్కింటివాళ్లకు జరిగిందే మీకూ జరిగితే ఏం చేయాలో ఇప్పుడే కాగితం మీద రాసి ఇద్దరూ తలొకటి పెట్టుకోండి. మొదట కార్డులు ఆపించాలి. బ్యాంకువాళ్ల 1800 టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు, +91తో మొదలయ్యే నంబరు అడిగి రాసుకోండి. కార్డు మీద పిన్ రాసి పెట్టుకున్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: వాళ్ల అజాగ్రత్త వల్ల పోయిన డబ్బుకు, బ్యాంకుకు చెప్పేదాకా వాళ్లదే బాధ్యత. ఫోన్ కూడా పోతే నంబర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి మీ అబ్బాయి నంబరు ఇద్దరూ కంఠతా పట్టండి. తర్వాత టూర్ మేనేజరుకు చెప్పి, అదే రోజు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోవాలి. ఇటలీలో దాన్ని ‘దెనూన్చా’ అంటారు. అది లేకపోతే ఇన్సూరెన్సూ కదలదు, ఎంబసీలో పనీ కాదు. ప్రాణాపాయం, దెబ్బలు లాంటివైతే 112కి ఫోన్ చేయండి, మీరు వెళ్లే మూడు దేశాల్లోనూ పనిచేస్తుంది.

పాస్‌పోర్టు పోతే మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పారిస్, బెర్న్, రోముల్లో ఎంబసీలున్నాయి, మిలాన్‌లో కాన్సులేట్ ఉంది. ఇంటికి తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అని ఒక పత్రం ఇస్తారు, అది భారత్‌కు ఒక్కసారి తిరిగొచ్చే ప్రయాణానికే. పోయిన పాస్‌పోర్టులోనే షెంగెన్ వీసా (ఈ మూడు దేశాలకూ చెల్లే ఒకే వీసా) ఉంటుంది కాబట్టి, మిగతా టూర్ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. నోట్ల కంటే పాస్‌పోర్టును ఎక్కువ జాగ్రత్తగా చూసుకోమని చెప్పేది ఇందుకే. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ జిరాక్సులు, నాలుగేసి ఫొటోలు తీసుకుని, మీవి మీవారి పెట్టెలో, మీవారివి మీ పెట్టెలో పెట్టండి. ఒక కాపీ మీ అబ్బాయికి పంపండి. వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకునే ఉంటారు. అందులో పాస్‌పోర్టు పోతే ఎంత ఇస్తారో, దొంగతనానికి ఎన్ని గంటల్లో ఫిర్యాదు చేయాలంటారో చదివి, పాలసీ నంబరు ఆ కాగితం మీదే రాసుకోండి. నోట్లు పోతే చాలా పాలసీలు ఇచ్చేది తక్కువ, కొన్ని అసలే ఇవ్వవు.

తిరిగొచ్చాక మిగిలిన నోట్ల గురించి కంగారు లేదు. 2,000 డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లు మన దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించితే 180 రోజుల్లోపు అమ్మేయాలి. కార్డులో మిగిలింది బ్యాంకుకు చెప్పి రూపాయల్లోకి మార్పించుకోండి. చిల్లర నాణేలను ఇక్కడ ఎవరూ మార్చరు, ఆఖరి రోజు విమానాశ్రయంలో కాఫీ తాగేసి రండి.